వినుకొండ మామ్మ వినుకొండ బస్సెక్కిన రోజు

మామ్మ ఇప్పుడు లేదు. ఆమె చివరిసారి గురజాల పొలిమేర దాటింది నాతోనే కాబట్టి, పలకరింపుకు వచ్చినవాళ్ళంతా ఆ ప్రయాణం సంగతి నన్నే అడిగారు. ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఒకసారి మొదటినుంచి రాసేస్తున్నాను. తొంభై దాటిన మనిషిని వెంటబెట్టుకుని బస్సులు మారే ధైర్యం ఎవరికైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుంది. నాకైతే ఆ ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నాది పుట్టుకతో వచ్చిన పిరికితనం. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా పోయి వెనక్కి వచ్చే రకాన్ని. "నీకు ఏ భయమూ లేని రోజు వస్తే, ఇదేందబ్బా అని దానికీ భయపడతావే నువ్వు" అంటాడు మా ఆయన. అలాంటి నా నెత్తిన పడింది మామ్మను ఎడ్లపాడు తీసుకెళ్ళే పని.

మామ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. పుట్టిల్లు వినుకొండ కాబట్టి గురజాలంతా ఆమెను వినుకొండ మామ్మ అనే అంటారు. మా వైపు అంతే. కోడలిగా వచ్చినదాన్ని పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు, ఇంటి ఆడపిల్లను మెట్టినింటి ఊరి పేరుతో పిలుస్తారు. నేను అత్తారింట్లో గురజాలక్కను, పుట్టింటికొస్తే రెంటచింతల అమ్మాయిని. మామ్మ ఆడపడుచును ఎడ్లపాడిచ్చారు గనక ఆమె ఎడ్లపాడు మామ్మ. ఆ ఎడ్లపాడు మామ్మ మంచం పట్టి, వదినను ఒకసారి చూపించండ్రా అని రోజూ కలవరిస్తోందని కబురొచ్చింది. నాన్నకు మోకాళ్ళు సహకరించవు. నా తమ్ముడు లారీ మీద ఎక్కడో బళ్ళారి వైపు ఉన్నాడు. మిగిలింది నేను.

కారు మాట్లాడదామన్నాను. మామ్మ ఒప్పుకోలేదు.

"ఆ డబ్బాలో కూర్చుంటే నాకు కడుపులో తిప్పుద్ది. బస్సయితే కిటికీ ఉంటది" అంది.

భాద్రపద మాసం, మబ్బు పట్టిన పొద్దు. ఆరున్నరకల్లా గురజాల బస్టాండులో ఉన్నాం. నాన్న కర్ర పొడుచుకుంటూ బస్సుదాకా వచ్చి, కిటికీ ఊచ పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు తీసకపోతన్నావు. నువ్వే తీసకరావాల" అన్నాడు. మామూలుగా అన్నాడో, కావాలని అన్నాడో తెలియదు. ఆ మాట నా నెత్తిన ఎక్కి కూర్చుంది. నరసరావుపేట దాకా అది దిగలేదు.

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మామ్మ రొండిన దోపుకున్న గుడ్డసంచి విప్పి, నాలుగు మడతల ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి కండక్టర్‌కిచ్చింది. ఆయన చూసి, తిరిగిచ్చి, సున్నా టికెట్లు రెండు చించాడు. ఆమె కార్డు మళ్ళీ సంచిలో పెట్టి, సంచి మళ్ళీ రొండిన దోపింది. అందులో ఏం రాసి ఉందో నేను చూడనైనా చూడలేదు.

"ఊరికే ఎందుకు ఎక్కించుకుంటన్నారయ్యా?" అని మామ్మ అనుమానంగా అడిగింది.

"ఇన్నేళ్ళూ మీరు మోశారుగా మామ్మా, ఇంక మేం మోస్తాంలే" అన్నాడు కండక్టర్. ఆమెకు సగమే వినపడింది. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి దగ్గర గట్టిగా మాట్లాడాలి.

పిడుగురాళ్ళ వచ్చేసరికి ఎనిమిది దాటింది. సున్నపు బట్టీల పొడికి ఇళ్ళూ చెట్లూ తెల్లగా ఉన్నాయి. కిటికీ అద్దం మూశాను. మామ్మ తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి కదలకుండా ఉంది. మెల్లగా ఆమె ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర ఇంకోసారి పెట్టాను. పక్క సీటులో కూరగాయల గంప పెట్టుకున్నామె చూడనే చూసింది.

"ఏందమ్మా, ముసలామె ముక్కుకాడ ఏలు పెడతన్నావు?"

"ఊపిరి ఆడుతోందా అని" అన్నాను సిగ్గుపడుతూ.

మామ్మ కళ్ళు తెరవకుండానే, "పోతే చెప్తాలేవే, ఏలు తియ్యి" అంది. గంపామె ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ నాకు లోపల నవ్వుగా లేదు.

నరసరావుపేటలో తొమ్మిదిన్నరకు దిగాం. ఇడ్లీ తిందామని కూర్చుంటే మామ్మ ఒక ఇడ్లీ నీళ్ళలో తడుపుకుని తిని, చట్నీలో కారం లేదని క్యాంటీనాయన్ని తిట్టింది. కాఫీ మాత్రం బాగుందంది. మొత్తం నూరు రూపాయల్లోపే అయింది. చిలకలూరిపేట బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చోబెట్టాను. చిలకలూరిపేట పోయి ఎడ్లపాడుకు ఇంకో బస్సు పట్టుకోవాలి. బస్సుకు ఇంకా టైముంది, నాకేమో బాత్రూముకు పోక తప్పలేదు. మామ్మను తీసుకెళ్దామంటే అక్కడ నేలంతా తడి. జారితే తుంటి విరుగుతుంది, ఆ వయసులో తుంటి విరిగితే ఇంక లేచేది లేదు. అంత దూరం ఆలోచించి, జాగ్రత్తపడి, ఆమెను బెంచీ మీదే ఉంచాను.

పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె రెండు సంచులతో కూర్చుని ఉంది. పెద్ద గొంతు, నవ్వు మొహం. నమ్మబుద్ధయింది.

"అక్కా, ఈమె మా వినుకొండ మామ్మ. చెవులు సరిగా వినపడవు. కాస్త చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తాను" అన్నాను.

"పోయిరా తల్లీ, నేనుండానుగా" అందామె.

బాత్రూము దగ్గర లైను చానా పొడుగుంది. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ. మామ్మ లేదు, ఆకుపచ్చ చీరా లేదు. మొదట నేను బెంచీ పొరబడ్డాననుకున్నాను. అటూ ఇటూ చూశాను. అదే బెంచీ, కింద మామ్మ తాగి పారబోసిన నీళ్ళ తడి ఇంకా ఆరలేదు. "మామ్మా!" అని అరిచాను. బస్టాండు బస్టాండంతా తిరిగి చూసింది, మామ్మ తప్ప. పిల్లల్నెత్తుకుపోయేవాళ్ళ గురించి విన్నాను గానీ ముసలమ్మలను ఎవరెత్తుకుపోతారు? చెవులకున్న దుద్దులు గుర్తొచ్చాయి.

అప్పుడు ఆకుపచ్చ చీరామె టీ గ్లాసుతో తాపీగా వస్తూ కనపడింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"మా మామ్మేది?"

"కంగారుపడమాక. భద్రంగా ఎక్కించా. ముందు సీటే ఇప్పించా."

"ఎందులో ఎక్కించారు?"

"ఎందులో ఏంది? వినుకొండ బస్సులో! బస్సు కదులతా ఉంది, నువ్వేమో రాకపోతివి. మనవరాలు ఎనక బస్సులో వచ్చుద్దిలే అని చెప్పి, కండక్టర్‌తో కూడా చెప్పి ఎక్కించా. పాపం, చెప్పినట్టు విన్నది."

"మేం ఎడ్లపాడు పోవాలి!"

"ఓరి దేవుడో. వినుకొండ మామ్మంటే వినుకొండ పోయే మామ్మ కాదా? మరి అట్టా చెప్పొద్దూ!" అంది. టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. నేను ఏడుపు మొదలుపెట్టాను, ఆమె నన్ను మించి మొదలుపెట్టింది. తిట్టడానికి కూడా నాకు మనసు రాలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి, మామ్మకు ముందు సీటు ఇప్పించింది మరి.

ఇద్దరం మైకు ఉన్న గదికి పరుగెత్తాం. అక్కడి ఉద్యోగి నిదానస్తుడు. ఆ బస్సు వేరే డిపోదని, కండక్టర్ నంబరు తన దగ్గర లేదని, వినుకొండకు ఫోను చేసి చెప్తానని అన్నాడు.

"ఆమె పేరు చెప్పండి."

"వినుకొండ మామ్మ."

"ఊరు కాదమ్మా, పేరు."

నన్ను ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి పేరు నాకు తెలియదు. నాన్నకు ఫోన్ చేశాను. ఎత్తగానే "ఏమైంది?" అన్నాడు. ఏం కాలేదు, బస్సులో పేరడుగుతున్నారని అబద్ధమాడాను.

"అమ్మ పేరా? అమ్మ పేరంటే... ఉండు, మీ అమ్మనడుగుతా."

"అత్తయ్య పేరు నాకెట్టా తెలుసుద్దయ్యా!" అని మా అమ్మ గొంతు. తర్వాత చాలాసేపటికి నాన్న, "కోటేశ్వరమ్మ. రేషన్ కార్డులో అట్టా ఉండేది" అన్నాడు.

మైకాయన నిట్టూర్చాడు. "కోటప్పకొండ చుట్టుపక్కల ఈ పేరు లేని ఇల్లుందా అమ్మా? సరే, చెప్తాను. మీరు ముందు ఆ కదిలే వినుకొండ బస్సెక్కండి."

పదిన్నర దాటాక ఎక్కాను. ఆకుపచ్చ చీరామె కిటికీలోంచి అరటిపళ్ళు నా ఒళ్ళో పడేసి, "దొరికితే నాకు ఫోన్ చెయ్యి తల్లీ, లేకపోతే నాకు అన్నం సయించదు" అని నంబరు రాయించింది.

గంటకు పైనే ప్రయాణం. రోడ్డు పక్కన ఏమున్నాయో నన్నడక్కండి. మెట్ట పొలాలు, అక్కడక్కడా రాళ్ళగుట్టలు కనపడ్డట్టు గుర్తు. నా కళ్ళ ముందు మామ్మే ఉంది. ఆమె బస్సు దిగబోతూ జారింది, రోడ్డు దాటబోతూ లారీకి ఎదురెళ్ళింది, ఎండకు సొమ్మసిల్లింది. ఒక్కోటీ జరిగినట్టే చూశాను. మామ్మ లేకుండా గురజాలలో దిగి నాన్న మొహం చూడటం కూడా చూశాను. దానికంటే ఈ బస్సే బోల్తా పడితే బాగుండునని ఒక్క క్షణం అనుకుని, బస్సులో చంటిపిల్లనెత్తుకున్న ఒకామె కనపడితే లెంపలు వేసుకున్నాను.

భయం పట్టలేక ఆమె బతుకంతా నెమరేసుకున్నాను. పెళ్ళినాటికి ఆమె ఇంకా పెద్దమనిషి కాలేదు. వినుకొండనుంచి కారంపూడి మీదుగా ఎడ్లబండిలో గురజాల వచ్చింది. దోవ పొడుగునా ఏడుస్తూనే వచ్చానని చెప్పేది. మొదట వినుకొండ పిల్ల, తర్వాత వినుకొండ కోడలు, వినుకొండక్క, వినుకొండ పిన్ని, చివరికి వినుకొండ మామ్మ. మనిషితోపాటు ఆ పేరుకూ వయసొచ్చింది. మా తాత నాపరాయి క్వారీలో పనిచేస్తూ రాయి మీదపడి పోయాడు. అప్పటికి మా నాన్న చంకలో పిల్లాడు. దినాలు అయీ కాకముందే అదే క్వారీలో ఆమె బండలు మోయడానికి పోయింది. మొగుణ్ణి చంపిన చోటికి ఎట్టా పోయావు మామ్మా, భయమెయ్యలేదా అని అడిగితే, "భయపడతా కూర్చుంటే పిల్లలకు కూడెవురు పెడతారే" అనేది. మా ఇంటి గడపలో ఉన్న బండ ఆమె తలమీద మోసుకొచ్చిందే. పాముల్ని కర్రతో కొట్టేది, చీకట్లో చేనుకు పోయేది, పురుళ్ళు పోసేది. ఆమె నోట భయమనే మాట నేను వినలేదు. ఆ ధైర్యంలో చారెడైనా నాకు రాలేదు.

వినుకొండ గురించి ఆమెకు ఒక్కటే గుర్తుండేది, వాళ్ళ నాన్న. బండి కదిలేటప్పుడు, "నేనొచ్చి తీసకపోతాలేమ్మా" అన్నాడట. రెండు పండగలకు వచ్చి తీసుకెళ్ళాడు, ఆ తర్వాత జ్వరమొచ్చి పోయాడు. ఆయనతోనే ఆమెకు పుట్టిల్లూ పోయింది. మళ్ళీ వినుకొండ గడప తొక్కలేదు.

దూరంనుంచి కొండ కనపడింది. బస్సు ఆగీ ఆగకముందే దూకాను. మైకు గదికి పోతే అక్కడ అప్పటికే ఇద్దరు పెద్దమ్మలు నిలబడి ఉన్నారు.

"రెండుసార్లు పిలిచాం. వీళ్ళొచ్చారు" అన్నాడు అక్కడి మనిషి.

"నేను కోటేశ్వరమ్మనే. పింఛను సంగతా?" అంది ఒకామె. ఇంకో కోటేశ్వరమ్మ ఏమీ మాట్లాడకుండా నన్ను పైకీ కిందికీ చూసింది. ఇద్దరూ మా మామ్మ కాదు. ఆ బస్సు వచ్చి చాలాసేపైందట. అందరూ దిగిపోయారట.

ప్రతి బెంచీ వెతికాను. క్యాంటీను వెనక, మరుగుదొడ్ల దగ్గర, ఆగి ఉన్న బస్సుల కింద కూడా వంగి చూశాను. బస్సుల కింద ఎందుకు చూశానో నాకు తెలుసు, రాయడానికి చెయ్యి రావడం లేదు. మైకులో "గురజాలనుంచి వచ్చిన కోటేశ్వరమ్మ గారూ" అని పిలుస్తూనే ఉన్నారు. గేటు దగ్గర మామ్మ ఆనవాళ్ళు చెబితే ఒక ఆటో అబ్బాయి, "తెల్లచుక్కల చీరా అక్కా? ఒకామె అదుగో, ఆ కొట్టుకాడ కొండ దిక్కు చూస్తా కూర్చుంది. ఎక్కమంటే ఎక్కలా" అన్నాడు.

రోడ్డవతల మూసి ఉన్న కొట్టు మెట్టు మీద మామ్మ కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని చుట్టూ రెండు చేతులూ బిగించి. పోయి ఆమె మోకాళ్ళ మీద పడ్డాను. ఆమె నా మొహం తడిమి చూసి, "వచ్చావా అమ్మాయ్" అంది. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"పిలుస్తున్నారుగా మామ్మా మైకులో! పేరు పెట్టి పిలుస్తున్నారు, వినపడలేదా?"

"వినపడింది. ఎవురో కోటేశ్వరమ్మనుకున్నా. నేననుకోలా."

పక్కన కూర్చుని అరటిపండు ఒలిచి పెట్టాను. తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఎవురమ్మా నువ్వు అని అడిగారే. వినుకొండమ్మను అని చెప్పా. ఇక్కడ అందరం వినుకొండోళ్ళమేగా మామ్మా అని నవ్వి పోయారు. మా నాయన పేరు చెప్పా. ఎవురూ ఎరగరు. కొండ తప్ప నాకు తెలిసినోళ్ళు ఒక్కళ్ళు లేరు." నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "భయమేసిందే అమ్మాయ్. చానా భయమేసింది."

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నా భయాలన్నీ కలిపినా ఆ మాట బరువుకు సరిపోవనిపించింది. మీ ఇల్లు ఉన్న వీధికి పోదామా అంటే, "ఎవురున్నారని?" అని లేచింది. ఆకుపచ్చ చీరామెకు ఫోన్ చేశాను. అటునుంచి పెద్దగా ఏడుపు, తర్వాత నవ్వు.

వెనక్కి నరసరావుపేట, అక్కడినుంచి చిలకలూరిపేట, ఎడ్లపాడు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వినుకొండనుంచి వచ్చే బస్సులో మామ్మ ఎడమచెవి దగ్గర అడిగాను, "మీ నాన్న నిన్ను ఏమని పిలిచేవాడు?" అని.

"కోటీ అనేవాడు. ఒసే కోటీ అని వీధి చివరినుంచే కేకేసుకుంటా వచ్చేవాడు. ఆయన పోయినాక ఎవురన్నారే ఆ మాట?"

ఎడ్లపాడులో ఆ రాత్రి వదినా ఆడపడుచూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పడుకున్నారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. "వదినా" అంటే "ఆఁ" అని, "ఆఁ" అంటే మళ్ళీ "వదినా" అని. పొద్దున కాఫీ తాగి, మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాం. గుమ్మం దగ్గర ఏడుపులు లేవు. ఇంక కలవమని ఇద్దరికీ తెలుసనుకుంటాను.

నరసరావుపేటలో ఈసారి నేను బాత్రూముకు పోలేదు. బెంచీ మీద మామ్మ కొంగు నా చేతికి చుట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనీ. పెద్దవాళ్ళతో బయలుదేరేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మంచినీళ్ళూ మందులూ ఎటూ పెట్టుకుంటారు, ముందు వాళ్ళ పేరు కనుక్కోండి. వాళ్ళనే అడగండి, చెప్పనివ్వండి.

గురజాల బస్సు ఎక్కేసరికి పొద్దు వాలింది. పిడుగురాళ్ళ దాటాక చీకటి పడి సన్నగా వాన మొదలైంది. బస్సులో లైట్లు తీసేశారు. మామ్మ తల నా భుజం మీదికి వాలింది. ముందు తేలిగ్గా ఉంది, పోను పోను బరువైంది. అలవాటుగా ముక్కు కింద వేలు పెట్టాను. కిటికీ సందులోంచి కొట్టే చల్లగాలి తప్ప ఏమీ తగల్లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"మామ్మా" అన్నాను. పలకలేదు. ఎడమచెవి దగ్గర నోరు పెట్టి "మామ్మా!" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. భుజం పట్టి కదిపితే తల ఒక పక్కకు ఒరిగింది. నువ్వే తీసకరావాల అన్న నాన్న మాట చెవిలో మోగింది. ఎందుకు అన్నానో, ఎట్లా నోటికొచ్చిందో, మా ఇంట్లో ఎవరూ ఆమెను ఎన్నడూ పిలవని పేరుతో పిలిచాను.

"కోటీ! ఒసే కోటీ!"

మామ్మ కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. చిన్నపిల్ల గొంతుతో, హడావిడిగా పలికింది.

"ఆఁ, వస్తన్నా నాయనా."

ఆమె నన్ను ఎప్పుడూ అమ్మాయ్ అనే పిలిచేది, నాయనా అన్నది నన్ను కాదు. గురజాల లైట్లు కనపడేదాకా నేను ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. ఇంకోసారి ఆ పేరుతో పిలవడానికి మాత్రం భయమేసింది.